కాలేజీ ఫార్మ్ డ్యూటీలు: మొదట్లో మీరెలా నేర్చుకున్నారు?

ఫస్టియర్_వెట్: బి.వి.ఎస్సీలో (పశువైద్య డిగ్రీ) ఈమధ్యే చేరాను. మాది టౌను, ఇంట్లో ఎప్పుడూ పశువుల్లేవు. వచ్చే వారం నుంచి తెల్లవారుజామున డెయిరీ డ్యూటీ. గేదె పక్కన నిలబడాలంటేనే టెన్షన్‌గా ఉంది. సీనియర్లు చెప్పండి.

కృష్ణాతీరం: చెల్లెమ్మా, చప్పుడు చేయకుండా వెనకనుంచి వెళ్లకు. ముందు నీ గొంతు వినిపించు, వీపు మీద చెయ్యి వెయ్యి, తర్వాతే పొదుగు దగ్గర కూర్చో. మొదటి రెండు మూడు ధారలు నల్లటి పళ్లెంలో పిండి చూడు. పాలల్లో పలుకులు కనిపిస్తే పొదుగువాపని అనుమానించాలి. ఆ గేదెను అన్నిటికన్నా చివర పితకాలి. బొటనవేలు మడిచి పితికితే చన్ను దెబ్బతింటుంది, నిండు పిడికిలితో పితుకు. కొన్నాళ్లు ముంజేతులు లాగేస్తాయి, తర్వాత అలవాటైపోతుంది.

పాడి_ఇల్లు: మా ఇంట్లో పాడి ఉన్నా ఫార్మ్‌లోనే నేర్చుకున్న సంగతి ఒకటుంది. మా ఊళ్లో గేదె ఈనాక మాయ (కడుపులో దూడను చుట్టి ఉండే పొర) పడేదాకా దూడకు ముర్రుపాలు పట్టరు. ఫార్మ్‌లో ఈనిన గంటలోపే పట్టించారు. మొదటి రోజు దూడ బరువులో పదోవంతు, అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు, విడతలుగా. ముర్రుపాలలోని రక్షణ పదార్థాలను పేగు బాగా పీల్చుకునేది తొలి గంటల్లోనే. ఒక రోజు దాటితే దాదాపు ఏమీ పీల్చుకోదు. దూడ చీకుతుంటే గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికీ అది మేలే. సెలవుల్లో వెళ్లి అమ్మకు ఇదంతా చెప్పాను, ఇప్పుడు మా ఇంట్లో ఆగడం లేదు.

ఇంటర్న్_22: నా బాధ వేరు. మా దగ్గర చూడి పరీక్షకు, అంటే మలద్వారంలోంచి చెయ్యి పెట్టి గర్భసంచి తడిమి చూడటానికి, ఒకే ఆవు, చుట్టూ బ్యాచంతా. అందరూ చెయ్యి పెడితే ఆవుకు నరకం, పేగు గాయపడుతుంది. అందుకే కొందరికే అవకాశం. కాలేజీలు పశువుల సంఖ్య పెంచి తీరాలి, చేత్తో తడిమి చూడనిదే గర్భసంచి తెలియదు. అప్పటిదాకా కబేళా నుంచి తెచ్చిన గర్భసంచుల మీద వీలైనంత సాధన చెయ్యండి.

డిప్లొమా_అన్న: నిజం. పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో మాదీ అదే పరిస్థితి. కృత్రిమ గర్భధారణకు వాడే సెమెన్ స్ట్రాను (గడ్డకట్టించిన వీర్యం ఉన్న సన్న గొట్టం) 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచడం ఎవరైనా చేస్తారు, గేదె ఎదకు వచ్చిందని కనిపెట్టడమే కష్టం. చాలా గేదెలు మూగ ఎదకు వస్తాయి, అరవవు. తెల్లవారుజామున పడుకున్నప్పుడు తోక కింద జిగట తీగలు వేలాడుతున్నాయేమో చూడాలి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది, అంటే కృత్రిమ గర్భధారణ. చెల్లెమ్మా, ఆ డ్యూటీ వదులుకోకు.

ఫస్టియర్_వెట్: చాలా థాంక్స్ అన్నయ్యా, అందరికీ. గమ్‌బూట్లు కాలేజీవాళ్లు ఇస్తారా?

కృష్ణాతీరం: మేం కొనుక్కున్నాం. ఒక సైజు పెద్దవి తీసుకో, మందం సాక్సులు పడతాయి.