రీలు చూసినవారు రెండు లక్షలు, కొట్టుకు వచ్చినవారు నలుగురు: ఏ లెక్క నమ్మాలి?

చైతన్యపురి మగ్గం (ప్రశ్న):

చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గర పదకొండేళ్లుగా మగ్గం బ్లౌజుల కొట్టు నడుపుతున్నాను. పాతబస్తీ నుంచి ఇద్దరు కారిగర్లు (మగ్గం పనివాళ్లు) వస్తారు, కుట్టడానికి ఒక మాస్టరు ఉన్నారు, కొలతలు నేనే తీసుకుంటాను. ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసేందుకు ఒక సంస్థకు నెలకు 18,000 రూపాయలు ఇస్తున్నాను.

2025 జూలైలో వాళ్లు ఒక రీలు పెట్టారు. బ్లౌజు వీపు మీద నెమలి. మా పెద్ద కారిగర్ తొమ్మిది రోజులు కూర్చుని చేసిన పని అది. ఈకలోని ఒక్కో కన్నుకు మూడు రంగుల పట్టుదారం, చుట్టూ కట్‌దానా పూసలు. ఆరీ సూది (మగ్గం పనికి వాడే కొక్కెం సూది) గుడ్డలోకి దిగి దారాన్ని పైకి లాగే క్షణాన్ని చాలా దగ్గరగా తీశారు. చూసినప్పుడు నాకే కళ్లు చెమర్చాయి.

నెలాఖరున రిపోర్టు వచ్చింది. రీచ్ (చూసినవారి సంఖ్య) 2,14,000, లైకులు 9,600, కామెంట్లు 310, షేర్లు 540, సేవ్‌లు 2,390. ఎంగేజ్‌మెంట్ (స్పందనల రేటు) 6 శాతం, ఇది చాలా గొప్ప ఫలితం అని రాశారు. ఆ నెమలిని చూసి మా మెట్లెక్కినవారు, నాకు తెలిసి, నలుగురు. పైగా కిందటి జూలైతో పోలిస్తే ఆర్డర్లు రెట్టింపయ్యాయని, అదంతా రీళ్ల ఫలితమేనని రాశారు. రెట్టింపైన మాట నిజమే.

ఇకనుంచి నెలకు 25,000 అడుగుతున్నారు. ఆ పెరిగే ఏడు వేలు మా చిన్న కారిగర్‌కు జీతం పెంచుతానని మాటిచ్చిన డబ్బు. నిజంగా చూసుకోవలసిన లెక్క ఏదో తెలిసినవారు చెప్పండి.

మాదాపూర్ పాత ఉద్యోగి:

ఇలాంటి రిపోర్టులు ఆరేళ్లు తయారు చేసినవాడిని, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 6 శాతం సంగతి. లైకులు, కామెంట్లు, షేర్లు, సేవ్‌లు కలిపితే 12,840. దాన్ని రీచ్‌తో భాగించారు, 6 వచ్చింది. మీ ఫాలోవర్లు 5,350 మంది అనుకుంటే, అదే మొత్తాన్ని వాళ్లతో భాగిస్తే 240 శాతం వస్తుంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. అందుకని దేనితో భాగించారో ప్రతి నెలా అడగండి. ఒక నెల ఒకదానితో, మరో నెల ఇంకొకదానితో భాగించిన రిపోర్టుకు విలువ లేదు. వ్యూలు, రీచ్ కూడా ఒకటి కాదు. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే వ్యూలు మూడు, రీచ్ ఒకటి.

లైకుకూ సేవ్‌కూ చాలా తేడా ఉంది. లైకు వేలు కదిపితే పడిపోతుంది. బ్లౌజు డిజైన్‌ను సేవ్ చేసిన మనిషి మనసులో ఏదో ఒక పెళ్లి ఉంటుంది. షేర్ చేసిందంటే అక్కకో వదినకో చూపించిందన్నమాట. ఈ రెండూ చూడండి. ఇన్‌స్టాగ్రామ్ గణాంకాలు చూపే ఇన్‌సైట్స్‌లో ఏయే నగరాలవాళ్లు చూశారో ఉంటుంది, అదీ అడగండి. కొలతలివ్వడానికి కొట్టుకు రావలసిన వ్యాపారం కాబట్టి హైదరాబాద్ వాటా ఎంతన్నదే మీకు ముఖ్యం.

ఇక రెట్టింపు మాట. 2024లో శ్రావణం ఆగస్టు 5న మొదలైంది. 2025లో జూలై 25నే వచ్చేసింది. వరలక్ష్మీ వ్రతం 2024లో ఆగస్టు 16, 2025లో ఆగస్టు 8. వ్రతానికీ పెళ్లిళ్లకూ రెండు మూడు వారాల ముందే బ్లౌజులు పనికి ఇస్తారు కదండీ! కిందటేడు ఆగస్టులో పడిన ఆర్డర్లలో కొన్ని ఈ ఏడు జూలైలోకి జరిగాయి. మన వ్యాపారాలకు ఇంగ్లీషు నెలల పోలిక పనికిరాదు. ఆషాఢం మొదటి రోజు నుంచి శ్రావణ పౌర్ణమి దాకా ఒక లెక్క కట్టి, రెండేళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఒక పని రేపే చేయవచ్చు. వాట్సాప్ బిజినెస్‌లో సందేశం ముందే రాసి ఉంచే లింకు తయారు చేసుకోవచ్చు. 'నెమలి 3 గురించి' అని రీలుకొక పేరు పెట్టి లింకు ఇవ్వండి. మెసేజ్ వచ్చినప్పుడే అది ఏ రీలు నుంచి వచ్చిందో తెలుస్తుంది. లేబుల్ పెట్టుకుంటే ఎన్ని అడిగారు, ఎన్ని ఆర్డర్లయ్యాయి అన్నది మీ ఫోనులోనే ఉంటుంది.

పోచంపల్లి చీరలు:

పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ దూరపు ఊళ్లవాళ్ల చూపులను వృథా అనుకోకండి. మేము ఇక్కత్ చీరలు కొరియర్‌లో పంపుతాం, మాకు బెంగళూరు, విజయవాడ వీక్షకులే ప్రాణం. నల్గొండలో మా వదినగారు మగ్గం పని చేయించిన బ్లౌజు ముక్కలను కుట్టకుండానే పంపుతారు. కొన్నవారు తమ ఊళ్లో కుట్టించుకుంటారు. మీ నెమలి కూడా అలా వెళ్లగలదు.

నాగోలు నుంచి:

కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట చెబుతాను. మాఘంలో మా చెల్లి పెళ్లికి నేను చూపించిన డిజైన్ ఆరు నెలల ముందు సేవ్ చేసుకున్నది. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి వచ్చానని ఆ కొట్టులో చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. నలుగురే వచ్చారని అప్పుడే తేల్చేయకండి.

చైతన్యపురి మగ్గం:

అందరికీ నమస్కారం. రాత్రి రెండేళ్ల ఆర్డరు పుస్తకాలూ ముందేసుకుని, పంచాంగం చూసి లెక్క కట్టాను. ఆషాఢం మొదలు నుంచి శ్రావణ పౌర్ణమి దాకా 2024లో 61 బ్లౌజులు, 2025లో 68. పెరిగింది ఏడు. రెట్టింపు కాదు.

నాగోలు చెల్లెమ్మ మాట చదివాక, కొలతలు రాసే పేజీలో 'ఎక్కడ చూశారు' అని ఇంకో గడి గీశాను. ఈ మూడు రోజుల్లో తొమ్మిది మంది వచ్చారు. ముగ్గురు ఫోను తీసి మా రీళ్లే చూపించారు. అందులో ఒకామె చూపించినది కిందటి సంక్రాంతికి పెట్టిన మామిడి పిందెల చేతి డిజైన్. ఆ రీలుకు అప్పట్లో 140 లైకులే వచ్చాయని సంస్థవాళ్లు దాన్ని తీసేద్దామన్నారు.

సంస్థవాళ్లతో మాట్లాడాను. 18,000కే ఇంకో మూడు నెలలు చూద్దామని, రిపోర్టులో మొదటి వరుసలో హైదరాబాద్ వాటా, సేవ్‌లు, వాట్సాప్‌లో అడిగినవారి సంఖ్య ఉండాలని చెప్పాను. ఒప్పుకున్నారు. చిన్న కారిగర్ జీతం ఈ నెల నుంచే పెంచుతున్నాను.

పోచంపల్లి అన్నగారూ, కుట్టని ముక్కలు పంపేటప్పుడు కుందన్లు ఒకదానికొకటి రాసుకుని ఊడిపోకుండా మీ వదినగారు మధ్యలో ఏమి పెట్టి మడతపెడతారో కాస్త అడిగి చెబుతారా?