చర్చ: ఒంగోలు గిత్త బ్రెజిల్లో మాంసం జాతి ఎలా అయింది?

అద్దంకి కుర్రాడు
వయాటినా-19 ఆవు వీడియో మళ్ళీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. 2023లో బ్రెజిల్లో దాని మూడో వంతు వాటా వేలం వేస్తే, ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. బరువు 1,100 కిలోల పైమాటే. కింద కామెంట్లన్నీ "మన ఒంగోలు ఆవే" అని. మా నాన్నకి చూపిస్తే, "మూపురం, తెలుపు తప్ప ఇందులో మనదేముందిరా, కాళ్ళు చూడు ఎంత పొట్టో" అన్నాడు. మన దగ్గర సేద్యానికి పెంచిన పశువు అక్కడ మాంసం జాతి ఎప్పుడైంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

బాపట్ల పశువైద్యుడు
అక్కడ దాన్ని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరు మీదే. 1868లో ఇంగ్లండు వెళ్తున్న ఓడ ఒకటి బహియా రాష్ట్రంలోని సాల్వడార్ రేవులో ఆగితే, అందులో ఉన్న రెండు ఒంగోలు పశువుల్ని అక్కడే అమ్మేశారని చెబుతారు. 1878లో రియో ప్రాంతపు మనుయెల్ లెమ్‌గ్రూబర్ ఒక జతని కొన్నాడు. అదీ ఇండియా నుంచి కాదు, జర్మనీలో హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి! ఆ వంశం పేరు ఇప్పటికీ లెమ్‌గ్రూబర్ లైనే.

మధ్యలో పెద్ద గండం ఒకటి. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్ వెళ్తున్న జెబూ పశువులు, అంటే మూపురం ఉన్న మన రకం పశువులు, బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో దిగాయి. వాటితో అక్కడ ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) అంటుకుంది. ఆ భయంతోనే 1924లో పారిస్‌లో అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ పుట్టింది. మా కాలేజీలో ఈ సంస్థ గురించి బట్టీ పట్టించారు కానీ, దీని వెనుక మన దేశపు పశువులున్నాయని ఎవరూ చెప్పలేదు. బ్రెజిల్‌కీ ఆ రోగం పాకడంతో దిగుమతులు ఆగిపోయాయి.

1938లో నెలోర్ వంశావళి పుస్తకం మొదలైంది. 1960ల మొదట్లో ఆఖరి పెద్ద దిగుమతి. టోర్రెస్ ఓమెమ్ రొడ్రిగెస్ డా కున్యా అనే పశుపోషకుడు తీసుకెళ్ళిన ఆబోతుల్లో ఒకదాని పేరు కర్వాది. ఒంగోలు పక్కన కరవది ఉంది కదా, అదే. తాజ్ మహల్, గోదావరి కూడా ఆ కాలపు ఆబోతులే. ఈరోజు నెలోర్ వంశవృక్షం ఏది తిప్పినా వీటిలో ఒకటి తగులుతుంది.

హ్యూస్టన్ రావు
టెక్సాస్ కథ కూడా ఇక్కడే చెప్పేస్తా. మేముండే చోటికి గంట దూరంలో ఒక రాంచ్ ఉంది, ఆగస్టులో పిల్లల్ని తీసుకెళ్ళాం. నల్లటి ఆంగస్‌లన్నీ (యూరప్ మాంసం జాతి) చెట్టు కింద చేరి ఎగశ్వాస పీలుస్తున్నాయి. మన దేశపు పశువుల నుంచి అమెరికాలో తయారైన బ్రాహ్మన్లు మాత్రం నడి ఎండలో తాపీగా మేస్తున్నాయి. వదులు చర్మం, పొట్టి వెంట్రుక, ఎక్కువ చెమట గ్రంథులు. రక్తం పీల్చే గోమార్లు కూడా తక్కువ పడతాయి. అప్పట్లో టెక్సాస్ రైతులకి కావాల్సింది సరిగ్గా ఇదే, ఎందుకంటే గోమారి జ్వరంతో మందలు తుడిచిపెట్టుకుపోయేవి.

1906లో పియర్స్ రాంచ్ తరఫున బోర్డెన్ అనే ఆయన ఇండియా వెళ్ళి కొన్న 51 పశువుల్లో 33 మాత్రమే టెక్సాస్ చేరాయి. మిగతావి న్యూయార్క్ దగ్గర క్వారంటైన్లోనే పోయాయి. 1924లో సంఘం పెట్టుకుని బ్రాహ్మన్ అని పేరు పెట్టారు. అందులో ఒక్క ఒంగోలు రక్తమే కాదు. గిర్, కాంక్రేజ్, కృష్ణా వ్యాలీ అన్నీ కలిశాయి. టెక్సాస్‌లోనే కింగ్ రాంచ్ వాళ్ళు బ్రాహ్మన్‌ని షార్ట్‌హార్న్ అనే ఇంగ్లండు జాతితో కలిపి సాంటా గెర్ట్రూడిస్ జాతిని తయారుచేశారు. 1920లో పుట్టిన మంకీ అనే ఆబోతు దానికి మూలపురుషుడు. 1940లో ప్రభుత్వం గుర్తించింది.

సావో పాలో నుంచి సుధ
ఇక్కడ మూడేళ్ళుగా ఉంటున్నాం. బీఫ్ తినేవాళ్ళకి మూపురం ఒక స్పెషల్, కుపిం అంటారు. గంటలకొద్దీ నెమ్మదిగా కాలుస్తారు. మన మూపురానికి మెనూలో విడిగా రేటు చూసి మొదట నోట మాట రాలేదు.

మా వారి కొలీగ్ వాళ్ళ ఫార్మ్‌కి వెళ్ళాం. నేను "పాలెన్ని ఇస్తాయి?" అంటే వాళ్ళు నవ్వారు. ఆవుని పితకరట, పాలన్నీ దూడకే. దూడ చిన్నగా పుడుతుంది కాబట్టి ఈత తేలిక, మనిషి సాయం అక్కర్లేదు. దాణా తక్కువ, బ్రాకియేరియా గడ్డి మీదే బతుకు. మాంసం కాస్త గట్టిదని ఆంగస్ వీర్యంతో క్రాస్ చేస్తారట.

మద్దిపాడు రైతు
అసలు తేడా అక్కడే ఉంది తమ్ముడూ. మనం ఏం చూసి ఆబోతుని ఎంచుకుంటాం? నిలువు, నడక, గిట్ట గట్టిదనం. బండలాగుడు పోటీల్లో వయసుని బట్టి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు పెట్టి చూసేదంతా లాగే సత్తువే. పొడుగు కాళ్ళు మనకి కావాలి, వాళ్ళకి దండగ. మా తాత పిల్లిపెసర మేత పెట్టి మేపేవాడు, ఇప్పుడు ట్రాక్టరొచ్చాక ఆ మేత వేసేవాళ్ళే లేరు.

గిత్తల అభిమాని
ఎన్ని చెప్పినా మన సొత్తు ఎత్తుకెళ్ళారు. వాళ్ళు కోట్లు సంపాదిస్తుంటే మనం చప్పట్లు కొడుతున్నాం.

బాపట్ల పశువైద్యుడు
కొనుక్కెళ్ళారు గిత్తల అభిమాని గారూ, మనవాళ్ళే అమ్మారు. పైగా వెళ్ళినవి ఎక్కువగా ఆబోతులు. అక్కడున్న యూరప్ మూలం ఆవుల మీద తరతరాలుగా వాటినే దాటిస్తూ పోయారు. అందుకే డీఎన్ఏ పరీక్షల్లో చాలా నెలోర్ ఆవులకి తల్లి వైపు వంశం యూరప్‌దిగా తేలింది. ఆ తర్వాత పని తూకంతోనే. సావో పాలో రాష్ట్రంలో సెర్టావోజీన్యో కేంద్రంలో 1978 నుంచి ఏడాది వయసు బరువు చూసి ఆబోతుల్ని ఎంపిక చేస్తున్నారు. అద్దంకి కుర్రాడు వాళ్ళ నాన్నగారు చూసిన తేడా కూడా మాంసం కోసం చేసిన ఎంపిక వల్లే కావచ్చు. మన దగ్గర లాం, చదలవాడ ఒంగోలు పశువుల ఫారాల్లో రికార్డులున్నాయి కానీ ఊళ్ళో రైతు దగ్గర ఎన్నున్నాయి?

మద్దిపాడు రైతు
డాక్టర్ గారూ, మా దగ్గర కాటా లేదు. లారీ వేబ్రిడ్జి మీదికి గిత్తని ఎక్కించమంటారా?

బాపట్ల పశువైద్యుడు
అక్కర్లేదండీ, టైలర్ టేపు చాలు. ముందుకాళ్ళ వెనకాల ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీయండి. భుజం మొన నుంచి తోక పక్కనుండే పిరుదు ఎముక దాకా పొడవు కూడా అంగుళాల్లోనే తీయండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 300తో భాగిస్తే పౌన్లు వస్తాయి. 2.2తో భాగిస్తే కిలోలు. ఉదాహరణకి చుట్టుకొలత 80, పొడవు 62 అయితే దాదాపు 600 కిలోలు. దూడ పుట్టిన తేదీ నోట్‌బుక్కులో రాసుకుని, ఏడాది నిండగానే కొలవండి. మేత పెట్టకముందు, పొద్దున్నే.

మద్దిపాడు రైతు
సరే. సంక్రాంతికి ఏడాది నిండే కోడెదూడలు రెండున్నాయి, కొలిచి ఇక్కడే పెడతా.