ప్లాస్మా టేబుల్ అడుగులు తప్పితే అది ఎర్తింగ్ లోపమేనా?

గేట్ల పని, కడప

ఇంటి వెనక రేకుల షెడ్డులో ప్లాస్మా ఆర్క్‌తో ఇనుప షీట్లు కోసే నాలుగడుగుల కంప్యూటర్ టేబుల్ (ప్లాస్మా టేబుల్) సొంతంగా కట్టుకున్నాను. గేట్లకు, బాల్కనీ రెయిలింగులకు డిజైన్లు కోస్తాను. స్టెప్పర్ మోటార్లు (కంట్రోలర్ పంపే పల్సులను బట్టి అడుగడుగుగా తిరిగేవి), మూడుకు ఒకటి బెల్టు తగ్గింపు, 1.5 మాడ్యూల్ రాక్ (పళ్ల కడ్డీ), దాని మీద దొర్లే 20 పళ్ల పినియన్ (చిన్న గేరు). ప్లాస్మా మిషను హై ఫ్రీక్వెన్సీతో ఆర్క్ అందుకునే రకం.

రెండు మూడు షీట్లు చక్కగా వస్తాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి డిజైన్ ఎక్స్ వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. నెమలి మెడ ఒకచోట, తల ఇంకోచోట. ఆ షీటు పాత ఇనుము కిందికే. ఒక్కోరోజు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఏ ఇబ్బందీ ఉండదు. వస్తే మధ్యాహ్నం తర్వాతే ఎక్కువగా వస్తుంది. అప్పుడప్పుడు లిమిట్ స్విచ్ (టేబుల్ అంచు దాటకుండా ఆపేది) తగిలిందని చూపించి మిషను ఆగిపోతుంది. వెళ్లి చూస్తే దాని దరిదాపుల్లో ఏమీ ఉండదు.

ఎవరిని అడిగినా ఎర్తింగ్ లేకనే అంటున్నారు. మా షెడ్డుకు ఎర్త్ పిట్ లేనిమాట నిజమే. పిట్ వేయిస్తే ఈ జబ్బు పోతుందా? డబ్బు పెట్టే ముందు అనుభవం ఉన్నవాళ్ల మాట వినాలని రాస్తున్నాను.

ఫ్యాబ్రికేషన్, అనంతపురం

కచ్చితంగా పోతుంది తమ్ముడూ. నాకూ ఇదే జరిగింది. టార్చ్ వెలగగానే టేబుల్ పిచ్చిగా కదిలేది. షెడ్డు పక్కన గుంత తీయించి, ఉప్పు, బొగ్గు వేసి, రాడ్డు దింపించాను. ఆ రోజు నుంచి నెమ్మదించింది. మా వైపు నేల ఎంత పొడి నేలో మీకు చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో మళ్లీ మొదలైతే పిట్‌లో రెండు బిందెల నీళ్లు పోశాను, సర్దుకుంది. కళ్లారా చూసింది చెబుతున్నాను. ముందు పిట్ వేయించండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

డ్రైవ్ ప్యానెళ్లు, కర్నూలు

నేను ఒప్పుకోను అన్నా. మన పనిలో ‘ఎర్త్’ అనే ఒక్క మాటను రెండు వేర్వేరు వస్తువులకు వాడుతున్నాం, గొడవంతా అక్కడే వస్తోంది. వెల్డింగు చేసేవాళ్లు ఎర్త్ అంటే షీటుకు పట్టించే క్లాంపు. ఎలక్ట్రీషియన్ ఎర్త్ అంటే నేలలో దిగిన రాడ్డు. ప్లాస్మా కరెంటు మిషనులో పుట్టి, టార్చ్ గుండా షీటులోకి వచ్చి, క్లాంపు గుండా తిరిగి మిషనుకే చేరాలి. దానికి నేలతో పని లేదు. క్లాంపు తుప్పు పట్టిన పట్టీ మీద ఉంటే ఆ కరెంటు టేబుల్ ఫ్రేము, కేబుళ్లు, కంట్రోల్ పెట్టె, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి తిరిగి వెళ్తుంది. మోటారు డ్రైవర్లు తడబడేది అప్పుడే.

లెక్క కూడా చూడండి. తిన్నటి తీగ మీటరుకు దాదాపు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (వేగంగా మారే కరెంటుకు అడ్డుపడే గుణం) ఇస్తుంది. ఆర్క్ అంటించే హై ఫ్రీక్వెన్సీని 1 మెగాహెర్ట్జ్ అనుకుంటే, అయిదు మీటర్ల తీగ 31 ఓములు అడ్డుపడుతుంది. కింద పిట్ ఒక ఓము చూపించినా, పైన తీగే 31 ఓములైతే ఆ నాయిస్ (ఆర్క్ నుంచి తీగల్లోకి చొరబడే అలజడి) నేలలోకి ఎలా దిగుతుంది? పిట్ మనిషి ప్రాణం కోసం. అది ఉండి తీరాలి. అడుగులు తప్పడానికి మాత్రం అది మందు కాదు.

పైగా ఈయనది నాయిసే అని ఎవరు తేల్చారు? నాయిస్ అయితే అది టార్చ్ వెలుగుతున్నప్పుడే రావాలి. కడప తమ్ముడూ, టార్చ్ తీసేసి ఆ స్థానంలో పెన్ను కట్టండి. కాగితం మీద ఒకే డిజైన్ పదేపదే గీయించండి. ప్లాస్మా మిషను ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. జరిగితే ఎంత జరిగిందో వెర్నియర్‌తో కొలిచి రాయండి. ఆ కొలతే నాకు కావాలి.

ఫ్యాబ్రికేషన్, అనంతపురం

మీ లెక్క బాగుంది గానీ నా టేబుల్ మాటేమిటి? అది బాగుపడిందిగా! పిట్ అక్కరలేదన్న అర్థం వచ్చేలా రాయకండి. ఇది చదివి ఎవరైనా ఎర్త్ లేకుండా ఇనుప టేబుల్ ముట్టుకుంటే?

డ్రైవ్ ప్యానెళ్లు, కర్నూలు

అక్కరలేదని నేను అనలేదు అన్నా, మళ్లీ చదవండి. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పిట్ వేయించిన రోజు ఇంకేమైనా మార్చారా?

ఫ్యాబ్రికేషన్, అనంతపురం

ఎలక్ట్రీషియన్ వచ్చాడు కాబట్టి టేబుల్ ఫ్రేముకూ కంట్రోల్ పెట్టెకూ మధ్య మందపాటి తీగ కూడా వేయించాను. క్లాంపును పట్టీ మీద నుంచి తీసి నేరుగా షీటుకు పెట్టడం కూడా అప్పటి నుంచే అలవాటైంది. కానీ నీళ్లు పోస్తే తగ్గడం నిజం.

కంప్యూటర్ వైపు, ప్రొద్దుటూరు

మధ్యలో ఒక మాట. డ్రైవర్‌కు పల్సు ఏ అంచున అందాలో సెట్టింగులో తలకిందులైతే దిశ మారినప్పుడు ఒక్కో పల్సు పోవచ్చు. 1600 పల్సుల సెట్టింగులో మీ గేర్లకు ఒక పల్సు అంటే 0.02 మిల్లీమీటరు, కంటికి కనబడదు. అలాంటివి వంద పోగైతే 2 మిల్లీమీటర్లు. అయితే ఆ లోపం కొంచెం కొంచెంగా పెరుగుతుంది, ఒక్కసారిగా జరగదు. మీది ఎలా జరుగుతోందో గమనించండి.

గేట్ల పని, కడప

పెన్ను కట్టి చూశాను. పొద్దున రాక్ తుడిచి, ప్లాస్మా ప్లగ్గు పీకేసి రెండు గంటలు గీయించాను. గీత మీద గీత, తేడా లేదు. తర్వాత టార్చ్ పెట్టి రెండు షీట్లు కోశాను. మధ్యాహ్నం మళ్లీ ప్లగ్గు పీకి, పెన్ను కట్టాను. ఇరవై నిమిషాలకు ఒక్క ఊపున జరిగింది. కొలిస్తే 1.9 మిల్లీమీటర్లు. మళ్లీ మొదలుపెడితే ఈసారి 1.25. రెండుసార్లూ పెన్ను వేగంగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లేటప్పుడే. మోటారు నుంచి ‘గుర్ర్’ మని చిన్న శబ్దం కూడా వచ్చింది.

డ్రైవ్ ప్యానెళ్లు, కర్నూలు

దొరికింది తమ్ముడూ! ఆ అంకెలు చూడండి. 1.5 మాడ్యూల్, 20 పళ్లు అంటే పినియన్ చుట్టుకొలత 94.25 మిల్లీమీటర్లు. మూడో వంతు అంటే మోటారు ఒక చుట్టుకు 31.4. మామూలు 1.8 డిగ్రీల స్టెప్పర్ రోటరుకు 50 పళ్లు ఉంటాయి. బరువు తట్టుకోలేక పట్టు జారితే రోటరు ఎక్కడ పడితే అక్కడ ఆగదు, పన్ను దాటి తర్వాతి పన్ను దగ్గర పట్టుకుంటుంది. అంటే 7.2 డిగ్రీలు, నాలుగు పూర్తి అడుగులు. మీ టేబుల్ మీద అది 0.63 మిల్లీమీటరు. 1.25 అంటే రెండు పళ్లు, 1.9 అంటే మూడు. పల్సులు పోవడమో, పుల్లీ గ్రబ్ స్క్రూ జారడమో అయితే ఇలా లెక్కకు కుదరాల్సిన పని లేదు, ఎంతైనా జరగవచ్చు. మీ మోటారు ఆగి, జారి, మళ్లీ పట్టుకుంటోంది. ప్లాస్మా మిషను ప్లగ్గే లేనప్పుడు దాని నాయిస్ ఎక్కడిది?

ఇక ఎక్స్ రాక్ చూడండి. పళ్లు పైకి ఉన్నాయా? గ్రీజు పూశారా?

గేట్ల పని, కడప

రెండూ అవుననే చెప్పాలి. పళ్లు పైకే ఉన్నాయి, గ్రీజు నేనే దట్టంగా పూశాను. ఇప్పుడు వేలితో గీరితే నల్లటి ముద్ద వస్తోంది, ఇనుప చిట్టెం పొడి గ్రీజులో కలిసి రాయిలా బిగిసింది. పొద్దున తుడుస్తాను కాబట్టి మధ్యాహ్నానికి గానీ నిండదు. ఇన్నాళ్లూ ఎండను తిట్టుకున్నాను.

డ్రైవ్ ప్యానెళ్లు, కర్నూలు

గ్రీజు మొత్తం కడిగేయండి. నిప్పురవ్వలు పడే చోట రాక్ పొడిగా ఉండటమే మేలు. వీలైతే రాక్‌ను తిప్పి పళ్లు కిందికి ఉండేలా బిగించండి. అప్పటిదాకా ఎక్స్ త్వరణం సగానికి తగ్గించండి, మోటారుకు కాస్త ఊపిరి ఆడుతుంది.

ఫ్యాబ్రికేషన్, అనంతపురం

కడప తమ్ముడి విషయంలో నేను తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. ఈ ఆదివారం నా టేబుల్ మీద క్లాంపును పాత చోటుకు మార్చి తుక్కు షీటు మీద నడిపి చూస్తాను, పిట్ తీగను మాత్రం కదిలించను. మూడు పనులు ఒకే రోజు చేసి పేరు ఒక్కదానికి ఇచ్చాను. కానీ లిమిట్ స్విచ్ ఊరికే తగిలిందని ఆగడం కూడా చిట్టెం వల్లేనంటారా?

గేట్ల పని, కడప

వారం తర్వాత రాస్తున్నాను. రాక్ తిప్పి బిగించాను. ఇరవై రెండు షీట్లు కోశాను, ఒక్కటీ జరగలేదు. పిట్ కూడా వేయించాను. షెడ్డు ఆనుకునే మా అమ్మ బట్టలు ఆరేసే ఇనుప తీగ ఉంది, తడిచేతులతో ముట్టుకుంటుంది. ఆ ఒక్క కారణం చాలు నాకు.

అనంతపురం అన్న అడిగింది సరైన ప్రశ్న. లిమిట్ పేరుతో ఆగడం పోలేదు, పిట్ వేసిన తర్వాత కూడా రెండుసార్లు ఆగింది. రెండూ టార్చ్ అంటుకున్న క్షణంలోనే.

డ్రైవ్ ప్యానెళ్లు, కర్నూలు

అది నాయిసే, అందులో నాకు వాదన లేదు. లిమిట్ స్విచ్‌లు మామూలుగా తెరిచి ఉండే రకమా, మూసి ఉండే రకమా? వాటి తీగలు టార్చ్ కేబుల్ పోయే గొలుసులోనే పోతున్నాయా? తీగల మీది షీల్డు (లోహపు తొడుగు) రెండు చివరలా కలిపారా, పెట్టె వైపు మాత్రమేనా?

గేట్ల పని, కడప

తెరిచి ఉండే రకం, 5 వోల్టులు. అన్నీ ఒకే గొలుసులో ఉన్నాయి. షీల్డు లేని తీగ.

డ్రైవ్ ప్యానెళ్లు, కర్నూలు

అయితే ముందు మూసి ఉండే రకానికి మార్చి 24 వోల్టులతో, ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురుతో దాటించే భాగం) గుండా నడపండి. తీగలు టార్చ్ కేబుల్‌కు జానెడు దూరంగా తీయండి. షీల్డు తీగ వేసి పెట్టె వైపు మాత్రమే కలపండి. ఒక్కొక్కటిగా చేయండి, ఏది చేశాక ఆగడం మానిందో ఇక్కడ రాయండి.

గేట్ల పని, కడప

సరే. రేపు టార్చ్ కేబుల్ నుంచి తీగలు విడదీయడంతో మొదలుపెడతాను.