ఇళ్లను ఆనుకుని లేచే వాణిజ్య భవనాలకు చెట్ల తెర తప్పనిసరి చేయాలా?

మణికొండ నివాసి:
హైదరాబాద్ మణికొండలోని మా కాలనీలో రెండంతస్తుల ఇళ్ల వరుస ముగిసే చోట ఆరంతస్తుల వాణిజ్య భవనం ఒకటి పూర్తి కావచ్చింది. దాని సెల్లారు ర్యాంపు, జనరేటరు, ఏసీ యంత్రాల వరుస అన్నీ మా వైపు ప్రహరీకే వచ్చాయి. ఆమోదించిన ప్లానులో ఆ వైపున ఆకుపచ్చ రంగు పట్టీ ఉంది. నేల మీద మాత్రం కాంక్రీటు, దాని మీద పది పూలకుండీలు ఉన్నాయి. 2012 ఏప్రిల్ 7 నాటి భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం 300 చదరపు మీటర్లు దాటిన స్థలాలలో సరిహద్దు వెంట మీటరు వెడల్పున, ఎత్తైన భవనాలకు 2 మీటర్ల వెడల్పున పచ్చదనం పెంచాలి. అయితే ఆ పచ్చదనం ఎంత ఎత్తుండాలో, ఎంత దట్టంగా ఉండాలో ఎవరూ అడగరు. అమెరికాలోని చాలా నగరాల జోనింగ్ (ఏ చోట ఏ కట్టడం ఉండవచ్చో చెప్పే) నియమాలలో ఇళ్లకూ దుకాణాలకూ మధ్య అడ్డుగా ఉండవలసిన మొక్కలను నాటేనాటికి వాటి ఎత్తు ఎంతుండాలో కూడా రాసి ఉంటుంది. ఇక్కడ కూడా అలాంటి ప్రమాణం పెట్టి, అది నెరవేరే వరకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే పత్రం) ఆపాలని నా వాదన.

నిర్మాణ రంగ ఇంజనీరు:
మీ ఇబ్బందిని కాదనను గాని, ఈ ప్రమాణం కాగితం మీదే నిలబడుతుంది. 21 మీటర్ల ఎత్తు దాకా ఉండే హైరైజ్ (ఎత్తైన) భవనానికి చుట్టూ వదలవలసింది 7 మీటర్లు, అదంతా అగ్నిమాపక వాహనం తిరగడానికే కావాలి. అందులో 2 మీటర్లు చెట్లకు ఇస్తే మిగిలేది 5. 30 మీటర్ల భవనానికి 10 మీటర్లు వదలాలి కనుక అక్కడ మీరు అడిగే తెరకు చోటు దొరుకుతుంది. అంటే మీ నియమం పెద్ద భవనాలకు సులభమై, చిన్నవాటికే భారమవుతుంది. అమెరికా ఉదాహరణ కూడా ఇక్కడ పొసగదు. అక్కడి స్థలాలను ఎకరాలలో లెక్కిస్తారు, మనం గజాలలో కొలుస్తాం. ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లతో బతికే ప్రాంతాలలో ఈ మొక్కలను ఎవరు తడుపుతారన్నది మరో ప్రశ్న.

ల్యాండ్‌స్కేప్ పని చేసేవాడిని:
ఇద్దరూ వెడల్పు గురించి మాట్లాడుతున్నారు. నా అనుభవంలో చెట్టును చంపేది వెడల్పు కాదు, లోతు. సెల్లారు గోడ సరిహద్దుకు కనీసం 1.5 మీటర్ల లోపల ఉండాలి, స్థలం పెరిగితే ఆ దూరం కొంత పెరుగుతుంది. కానీ తవ్వేటప్పుడు యంత్రం సరిహద్దు దాకా తవ్వుతుంది, గోడ కట్టాక ఆ సందును విరిగిన ఇటుకలు, గడ్డకట్టిన సిమెంటు, ప్లాస్టిక్ సంచులతో పూడుస్తారు. నగరం పడమటి వైపు నేల కింద కొద్ది అడుగులకే గ్రానైట్ పరుపు తగులుతుంది కాబట్టి వేరు కిందికీ దిగలేదు, పక్కకూ పోలేదు. ప్లానులో పచ్చగా కనిపించే పట్టీ నిజానికి చెత్తతో నిండిన కందకం. అలాంటి చోట నాటిన మొక్క మొదటి వానలకు చిగురించి రెండో వేసవికి ఎండిపోతుంది, అప్పటికి సర్టిఫికెట్ వచ్చేసి ఉంటుంది. కనుక నియమంలో మార్చవలసిన మొదటి మాట ఇది: సరిహద్దు వెంట కొంత భాగాన్ని అసలు తవ్వకూడదు, తవ్వక తప్పకపోతే మంచి మట్టితోనే పూడ్చాలి, ఆ పూడ్చడాన్ని పునాది తనిఖీతో పాటే చూడాలి.

మణికొండ నివాసి గారికి ఒక మనవి. చెట్ల తెర కంటికి అడ్డం, కొంత ధూళికి అడ్డం, కారు లైట్లకైతే నడుమెత్తు గోరింట కంచె కూడా చాలు. జనరేటరు శబ్దాన్ని మాత్రం ఒక వరుస చెట్లు దాదాపు ఆపలేవు. దానికి శబ్దనిరోధక పెట్టె ఉండాలి, ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదన్న కేంద్ర నియమం 1000 కేవీఏ సామర్థ్యం దాకా ఉన్న డీజిల్ జనరేటర్లకు ఇప్పటికే ఉంది. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్ కనుక ఆ యంత్రాన్ని ఇళ్ల వైపు పెట్టకుండా ప్లాను దశలోనే ఆపాలి. తెర పెట్టాం కదా అని యంత్రాన్ని మీ గోడకే ఆనించే అవకాశం బిల్డరుకు ఇవ్వకండి.

జాతుల విషయం కూడా చూడాలి. త్వరగా ఎదుగుతుందని కోనోకార్పస్ అనే చెట్టును వరుసలుగా వేస్తారు. పుప్పొడి వల్ల, వేర్ల వల్ల వచ్చే ఫిర్యాదులతో గుజరాత్ దాన్ని 2023లో నిషేధించింది. నరమామిడి సన్నగా పైకి పోతుంది, దగ్గరగా నాటకపోతే సందులు మిగులుతాయి. నన్నడిగితే పొగడ మంచిది: ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది, కొమ్మలు దట్టంగా ఉంటాయి. ఎదుగుదల మాత్రం మెల్లగా ఉంటుంది, కాబట్టి నాటేటప్పుడే పెద్ద మొక్క పెట్టాలి.

పట్టణ ప్రణాళిక విశ్రాంత ఉద్యోగి:
మట్టి తనిఖీ మాట నాకు నచ్చింది, చేసేవారెవరన్నదే సందేహం. 2020 నాటి టీఎస్ బీపాస్ అనే తెలంగాణ భవన అనుమతుల చట్టం వచ్చాక పెద్ద భవనాలకు 21 రోజులలో అనుమతి ఇవ్వాలి, చిన్నవాటికి సొంత ధ్రువీకరణే ఆధారం. ఉన్న సిబ్బంది అదనపు అంతస్తులు పట్టుకోవడానికే చాలరు. చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. అనుమతికి ముందు నిర్మాణ వైశాల్యంలో 10 శాతాన్ని తనఖా పెట్టించుకుని, సర్టిఫికెట్ ఇచ్చాక విడుదల చేస్తారు. అందులో చిన్న భాగాన్ని రెండు వానాకాలాలు గడిచే దాకా ఉంచుకుంటే మొక్కలు నిలిచాయో లేదో తెలుస్తుంది. మొత్తం సర్టిఫికెట్‌నే ఆపితే శిక్ష పడేది బిల్డరుకు కాదు, అప్పు చేసి దుకాణమో ఫ్లాటో కొన్నవారికి.

నల్లకుంట గృహిణి:
పక్కకూ వెనక్కూ తెర ఉంటే అభ్యంతరం లేదు. దయచేసి వీధి వైపు మాత్రం అడగకండి. ఎత్తైన ప్రహరీ, దాని మీద దట్టమైన చెట్లు ఉన్న వీధిలో రాత్రి ఎనిమిది దాటాక ఆడపిల్లలు నడవడానికి జంకుతారు. లోపలివారికి బయటి మనిషి కనిపించాలి.

మణికొండ నివాసి:
వీధి వైపు మినహాయింపుకు ఒప్పుకుంటున్నాను. సర్టిఫికెట్ మొత్తం ఆపాలన్న మాటను వదిలి, తనఖాలో భాగం ఉంచాలన్న సూచనను కాలనీ సంక్షేమ సంఘం వినతిపత్రంలో చేరుస్తాను. జనరేటరు స్థానం గురించిన షరతు మాత్రం మొదటి వాక్యంగానే ఉంటుంది.

నిర్మాణ రంగ ఇంజనీరు:
సరిహద్దు వెంట తవ్వకుండా వదలడానికి నేనూ ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. సెల్లారు లోపలికి జరిగితే కార్ల చోటు తగ్గుతుంది, ఆ మేరకు పార్కింగ్ లెక్కలో సడలింపు ఇవ్వాలి.

ల్యాండ్‌స్కేప్ పని చేసేవాడిని:
ఆ సడలింపు ఇస్తే తగ్గిన కార్లన్నీ వీరి కాలనీ రోడ్డు మీదే నిలుస్తాయి. దానికి నేను ఒప్పుకోలేను. చోటు తగ్గితే అమ్మే వైశాల్యమే తగ్గాలి.