మూడు నెలల సర్టిఫికెట్ ఐటీఐతో సమానమేనా?

ప్రశ్న (చీమకుర్తి):
మా తమ్ముడు పది పాసై గ్రానైట్ ఫ్యాక్టరీలో హెల్పర్‌గా వెళ్తున్నాడు. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవాలని వాడి కోరిక. మొన్న ఒక సెంటర్ వాళ్ళు ఇంటికొచ్చి పాంప్లెట్ ఇచ్చారు. మూడు నెలల కోర్సట. ఎర్రక్షరాలతో ‘లెవెల్ 4, ఐటీఐతో సమానం’ అని వేశారు. ఐటీఐ అయితే రెండేళ్ళు. రెండూ ఒకటే అయితే రెండేళ్ళు ఎందుకని అమ్మ అడుగుతోంది. వాడేమో రేపే డబ్బు కట్టేద్దామంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు (ఒంగోలు, ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను):
అమ్మా, రేపు డబ్బు కట్టనివ్వకండి. లెవెల్ 4 అన్నది నిజమే కావచ్చు. ‘ఐటీఐతో సమానం’ అన్నది మాత్రం కాదు.

దేశంలో వృత్తి కోర్సులన్నిటినీ ఒకే కొలతలోకి తేవడానికి 2013 డిసెంబరులో ఎన్‌ఎస్‌క్యూఎఫ్ అనే చట్రం పెట్టారు. మొదట 10 లెవెల్స్ ఉండేవి, 2023లో 8కి తగ్గించారు. పనిలో ఎంత కష్టమైనది చేయగలడు, ఎంత బాధ్యత మోయగలడు అన్నదే లెవెల్. ఎన్ని గంటలు నేర్చుకున్నాడో లెవెల్ చెప్పదు. దానికి క్రెడిట్లు వేరే ఉంటాయి, 30 గంటలకు ఒకటి.

బంగారం లెక్కన చూడండి. లెవెల్ క్యారెట్టు, క్రెడిట్లు తూకం. 22 క్యారెట్లదే అయినా ఉంగరాన్ని గొలుసు ధరకు ఎవరూ కొనరు కదా.

ఇక సర్టిఫికెట్ ఎవరి పేరుతో వస్తుందో చూడాలి. ఐటీఐ చివర దేశవ్యాప్త పరీక్ష పాసైతే వచ్చేది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, అది కేంద్రంలో ఐటీఐల శిక్షణ చూసే డీజీటీ అనే విభాగం ఇస్తుంది. చిన్న కోర్సుల సర్టిఫికెట్ ఆ రంగపు స్కిల్ కౌన్సిల్ లాంటి సంస్థది, వాటిపై వృత్తి శిక్షణను నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌సీవీఈటీ అజమాయిషీ. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు పదితో పాటు ఐటీఐ అడిగితే చిన్న కోర్సు అక్కడ నిలవదు. అలాగని చిన్న కోర్సు దండగ కాదు. ఇళ్ళ వైరింగ్ పనికి, ప్రైవేటు ఉద్యోగానికి చక్కగా పనికొస్తుంది. ఏం కొంటున్నామో తెలిసి కొనాలి, అంతే.

పాంప్లెట్‌పై క్వాలిఫికేషన్ కోడ్ ఉందా? నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. ఎన్ని గంటలు, చేరడానికి ఏం చదివుండాలి, సర్టిఫికెట్ ఎవరిస్తారు, అన్నీ కనిపిస్తాయి. కోడ్ చెప్పలేని సెంటరైతే దణ్ణం పెట్టి పంపించేయండి. పీఎంకేవీవై (ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన) అనే కేంద్ర పథకం కింద నడిచే కోర్సని చెప్తే శిక్షణకు ఫీజే ఉండదు, డబ్బు ఎందుకని నిలదీయండి.

జవాబు (ముత్తుకూరు):
సార్ చెప్పింది నేను అనుభవించాను అక్కా. ఇలాగే ఒకచోట చిన్న కోర్సు చేసి, 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో కరెంటు పని చూసే ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు పడితే సంబరంగా అప్లై చేయబోయాను. అర్హతలో ఐటీఐ ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, లేదంటే ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ అని ఉంది. నా కాగితం పేరు ఎక్కడా లేదు. ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత ఐటీఐ చేసి, అప్రెంటిస్ కూడా పూర్తి చేశాను. తమ్ముడికి వయసుంది, నేరుగా ఐటీఐలో చేర్పించండి.

ప్రశ్న (చీమకుర్తి):
కోడ్ పాంప్లెట్ వెనక సన్నక్షరాల్లో ఉంది సార్. కొట్టి చూశాను. 390 గంటలు.

జవాబు (ఒంగోలు):
అంటే 13 క్రెడిట్లు. ఐటీఐలో ఏడాదికి 1200 గంటలు, రెండేళ్ళకు 80 క్రెడిట్లు. ఈ లెక్క కాగితం మీద వేసి అబ్బాయికి చూపించండి. ఇంకో మాట కూడా చెప్పండి. మన రాష్ట్రంలో ఐటీఐ పాసైనవాళ్ళు బ్రిడ్జ్ కోర్సు చేసి పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పది మార్కుల లిస్టు, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ ఇప్పుడే ఒకచోట పెట్టుకోండి. ఐటీఐ అడ్మిషన్ల నోటిఫికేషన్ పడ్డాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే పని ఉండదు.