లేజర్ ఆన్ చేయగానే ఎఫ్‌బీజీ (ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ అనే గాజు ఫైబర్ ఉష్ణోగ్రత సెన్సర్) రీడింగ్ ఎగబాకుతోంది. నిజమైన వేడేనా?

కాంతిరేఖ (బెంగళూరు):
మేక కార్జం మీద 1064 నానోమీటర్ల లేజర్, 5 వాట్లు. లేజర్ ఫైబర్ కొసకు 5 మి.మీ. పక్కన ఎఫ్‌బీజీ ఉంది. దాన్ని స్టీలు సూదిలో దూర్చి రెండు చివర్లా ఎపాక్సీ జిగురు వేశాం. ఆన్ చేసిన సెకనులోపే రీడింగ్ ఎగిరిపోతోంది, ఆపగానే కొంత చప్పున పడిపోతోంది. పక్కనున్న కె-టైప్ థర్మోకపుల్ (లోహపు తీగల ఉష్ణోగ్రత సెన్సర్)దీ అదే తీరు. రెండూ ఒకేలా చూపిస్తున్నాయి కదా, నమ్మొచ్చా?

గాజుపోగు:
నమ్మకండి. రెండిట్లోనూ లోహం ఉంది. కణజాలంలో చెదిరిన కాంతి ఆ లోహం మీద పడి దాన్ని నేరుగా వేడెక్కిస్తుంది. 5 మి.మీ. దూరంలో కార్జం చల్లారాలంటే పదుల సెకన్లు పడుతుంది. కాబట్టి లేజర్ ఆపిన అర సెకనులో పడిపోయినది చాలావరకు సూది వేడే. సూది తీసేసి, అదే చోట, అదే పవర్‌తో వట్టి ఫైబర్ పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది.

సూక్ష్మతరంగం (చెన్నై):
లోహం సంగతి సరే, అంతకంటే పెద్ద చిక్కు ఆ ఎపాక్సీ. 1550 నానోమీటర్ల దగ్గర ఎఫ్‌బీజీ వెనక్కి పంపే కాంతి తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది, ఒక మైక్రోస్ట్రెయిన్‌కు (పొడవులో పది లక్షల వంతు సాగుదలకు) 1.2. స్టీలు డిగ్రీకి 16 మైక్రోస్ట్రెయిన్ల దాకా సాగుతుంది, గాజు అర మైక్రోస్ట్రెయినే. రెండు చివర్లూ అంటిస్తే సూది ఫైబర్‌ను లాగి డిగ్రీకి ఇంకో 19 పికోమీటర్లదాకా కలుపుతుంది. వాటర్ బాత్‌లో కాలిబ్రేట్ చేసినా లాభం లేదు. అక్కడ సూది మొత్తం వేడెక్కుతుంది, కార్జంలో మాత్రం కొస ఒక్కటే.

సన్నటి గాజు క్యాపిలరీ (గొట్టం) తీసుకుని కొస మూసేయండి. ఫైబర్‌ను వెనక వైపు మాత్రమే అంటించి, గ్రేటింగ్ వైపు వదులుగా ఉంచండి. కాలిబ్రేషన్ ఆ తర్వాతే, 25 నుంచి 75 డిగ్రీల దాకా.

కాంతిరేఖ:
వట్టి ఫైబర్ చాలదా? క్యాపిలరీలో గాలి ఉంటే రీడింగ్ వెనకబడదా?

సూక్ష్మతరంగం:
కొంచెం వెనకబడుతుంది, పలుచటి గోడ ఉన్నది తీసుకుంటే సర్దుకోవచ్చు. వట్టి ఫైబర్‌తో ఇబ్బంది వేరే: 60 డిగ్రీలు దాటితే కార్జం గడ్డకట్టి ముడుచుకుంటుంది, ఫైబర్‌ను పట్టి లాగుతుంది. ఎనిమిది మైక్రోస్ట్రెయిన్లు పడితే చాలు, ఒక డిగ్రీ తప్పు.

గాజుపోగు:
గ్రేటింగ్ పొడవు ఎంత? 10 మి.మీ.ది అయితే ఒక చివర వేడిగా, మరో చివర చల్లగా ఉండి స్పెక్ట్రమ్ శిఖరం వంకరపోతుంది, ఇంటరాగేటర్ (ఆ తరంగదైర్ఘ్యాన్ని చదివే పరికరం) ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది. 1 మి.మీ.వి వాడండి. వాటి శిఖరం వెడల్పుగా ఉండి కాస్త నాయిస్ పెరుగుతుంది, అయినా ఇక్కడ అవే మేలు. ఫైబర్ మీద పూత పాలీఇమైడ్ ఉండాలి, మామూలు అక్రిలేట్ 85 డిగ్రీల పైన నిలవదు.