బీపీ ఉన్న నాన్నగారితో కేదార్‌నాథ్: మాత్రలు, మకాములు, మిషను

ఎంవీపీ కాలనీ వాసి అడిగారు:
నాన్నగారికి 62 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా బీపీ. టెల్మిసార్టన్ 40, అమ్లోడిపిన్ 5 కలిసిన మాత్ర రోజూ పొద్దున ఒకటి వేసుకుంటారు. ఇంట్లో చూస్తే 128/80 నుంచి 138/86 మధ్య ఉంటోంది. షుగరు, గుండె జబ్బు లేవు. అక్టోబరు మొదట్లో విశాఖ నుంచి ఢిల్లీకి విమానంలో, అక్కణ్ణుంచి కారులో కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్తున్నాం. పైన బీపీ ఎంత దాటితే కంగారుపడాలి? డోసు ముందే పెంచాలా? ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ ఈ మాత్రతో కలిపి వేసుకోవచ్చా? అరకులో రెండ్రోజులుండి వెళ్తే అలవాటవుతుందని మావయ్య అంటున్నారు, నిజమేనా?

జనరల్ మెడిసిన్ డాక్టర్:
అరకు, లంబసింగి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 దాటాకే మొదలవుతుంది కాబట్టి అరకు ఇందుకు పనికిరాదు. కాళ్లకు, ఊపిరికి సాధన కావాలంటే సింహాచలం మెట్లు ఎక్కించండి.

కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. సముద్రమట్టంలో గాలి ఒత్తిడి 1,013 హెక్టోపాస్కల్స్ అయితే అక్కడ 650 దరిదాపుల్లో ఉంటుంది. ఊపిరికి అందే ఆక్సిజన్ మూడింట రెండొంతులే. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, పైగా చలి. మొదటి ఒకటి రెండు రోజులు పై అంకె 10, 20 పెరిగిందంటే అది ఒంటి సహజ స్పందనే. అలా పెరిగినా సరిపోయేలా ఇక్కణ్ణుంచి బయల్దేరే అంకె ఉండాలి. అసలు పని విశాఖలోనే ఉంది.

ఏడు రోజులు పొద్దున రెండు, సాయంత్రం రెండు రీడింగులు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావి సగటు తీయండి. 135/85 లోపుంటే డోసు ముట్టుకోనక్కర్లేదు. మీరు చెప్పిన అంకెలు ఆ గీత మీదే ఊగుతున్నాయి, అందుకని ఇప్పుడే డాక్టరుకి చూపించండి. మార్చేదేదైనా నెల ముందు మార్చాలి. ప్రయాణం వారంలో కొత్త మాత్ర మొదలుపెడితే, కళ్లు తిరిగినప్పుడు అది మాత్ర వల్లో ఎత్తు వల్లో తేల్చుకోలేం. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సోడియం, పొటాషియం, ఈసీజీ కూడా చేయించండి. ఇంట్లోనే 160/100 పైన నడుస్తుంటే యాత్ర వాయిదా వేయడమే మంచిది.

మందు విషయంలో ఒక ఊరట. హిమాలయాల్లో చేసిన పరీక్షల్లో టెల్మిసార్టన్ 3,400 మీటర్ల దగ్గర బాగానే పనిచేసింది, 5,400 దగ్గర మాత్రం చేయలేదు. కేదార్‌నాథ్ మొదటిదానికే దగ్గర.

పైన 160/100 దాటితే నడక ఆపి, వెచ్చగా కూర్చోబెట్టి, అరగంటాగి మళ్లీ చూడండి. విశ్రాంతి తీసుకున్నా దిగకపోతే వైద్య శిబిరానికి తీసుకెళ్లండి. 180 దాటి గుండెల్లో నొప్పి, ఒక పక్క చేయి బలహీనం, మాట తడబాటు, చూపు మసక, వీటిలో ఏదున్నా ఆక్సిజన్ పెట్టించి వెంటనే కిందికి దించాలి. కూర్చున్నా ఆయాసం ఆగకపోవడం, నడక తూలడం, మాటలు పొంతన తప్పడం ఎత్తు జబ్బు ముదిరిన గుర్తులు. బీపీ మామూలుగా ఉన్నా సరే, దించాల్సిందే. నిఫెడిపిన్ అనే బీపీ మందు గొట్టం మాత్రని నాలుక కింద పిండే పాత అలవాటు కొందరికింకా ఉంది, అది చేయకండి. బీపీ ఒక్కసారిగా పడిపోయి పక్షవాతానికి దారితీయొచ్చు.

మద్దిలపాలెం ఫార్మసిస్టు:
డయామాక్స్ ఈ మాత్రతో కలిపి వాడొచ్చు, డాక్టరు సరేనంటే. 250 మాత్రలో సగం, అంటే 125 మిల్లీగ్రాములు, పొద్దున సాయంత్రం. పైకెక్కే ముందు రోజు మొదలుపెట్టి, పైన రెండు రోజులుంటే అప్పటిదాకా వాడి, దిగగానే ఆపేయాలి. వేళ్లు చిమచిమలాడతాయి, మూత్రం ఎక్కువవుతుంది, ఇవి మామూలే. సల్ఫా ఎలర్జీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వాడేవాళ్లకి రెండూ కలిసి పొటాషియం పడిపోతుంది.

అసలు గొడవంతా పక్క మాత్రలతో వస్తుంది. తలనొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. బీపీ పెంచుతాయి, టెల్మిసార్టన్‌తో కలిస్తే ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీని దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ చాలు. జలుబు మాత్రల అట్ట వెనక ఫినైలెఫ్రిన్ అని ఉందేమో చదవండి, ఉంటే పక్కన పెట్టండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజు టెల్మిసార్టన్ ఆపాలా వద్దా అన్నది డాక్టరుని ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఓఆర్‌ఎస్ మంచినీళ్లలా తాగించకండి. లీటరు ప్యాకెట్‌లో ఉప్పే 2.6 గ్రాములుంటుంది. ఆవకాయ, అప్పడాలు, జంతికలు సంచి నిండా మోసుకెళ్లి రోజుకి మూడు పూటలా తింటే మాత్ర చేసిన పని సగం పోతుంది. దారిలో బాత్రూము దొరకదని మాత్ర మానేయడం, నీళ్లు తాగకపోవడం చాలామంది చేస్తారు, పెద్దవాళ్లయితే మరీనూ. నాన్నగారితో ఈ మాట ముందే మాట్లాడండి. మందులు రెండింతలు తీసుకుని సగం ఆయన జేబు సంచిలో, సగం మీ దగ్గర ఉంచండి.

యాత్రలు నడిపించే వ్యక్తి:
వీలైతే వరస తిప్పండి. ముందు జోషీమఠ్‌లో (1,890 మీటర్లు) ఒక రాత్రి, తర్వాత బదరీనాథ్‌లో (3,100) ఒక రాత్రి. అక్కణ్ణుంచి గుప్తకాశికి దిగి కేదార్‌కి వెళ్తే ఒంటికి కొంత అలవాటై ఉంటుంది. పెద్దాయన కేదారమే ముందు చూడాలంటే కాదనకండి. గుప్తకాశిలో రెండు రాత్రులుండి, గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల దారిలో లించోలీలో ఒక రాత్రి ఆగండి. గౌరీకుండ్ 1,980 మీటర్లు, అంటే మధ్యలో ఆగకపోతే ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కేసినట్టు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే వేగం. హెలికాప్టర్ శ్రమ తప్పిస్తుంది గానీ ఎత్తు తప్పించదు. అందులో వెళ్తే దర్శనమయ్యాక అదే రోజు దిగిపోయేలా చూసుకోండి.

ఎంవీపీ కాలనీ వాసి:
చాలా థాంక్సండి. పైన బీపీ మిషను సరిగా చూపిస్తుందా?

జనరల్ మెడిసిన్ డాక్టర్:
మిషను పుస్తకంలో పనిచేసే గాలి ఒత్తిడి 700 నుంచి 1,060 అనో, 800 నుంచి అనో ఉంటుంది చూడండి. కేదార్‌లో 650 కాబట్టి కంపెనీ భరోసా అక్కడికి వర్తించదు. మిషను పనిచేయొచ్చు, కానీ ఒక్క అంకె చూసి నిర్ణయానికి రాకండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, అనుమానమొస్తే శిబిరంలో చేత్తో చూసే మిషనుతో సరిచూడండి. సెల్స్ చలికి నీరసిస్తాయి, చొక్కా లోపల జేబులో పెట్టుకోండి. స్వెటర్ చేయి పైకి మడిచి పట్టీ కట్టకండి, ఆ మడతే బిగుసుకుని అంకె తప్పొస్తుంది. ఆ చేతిని స్వెటర్‌లోంచి బయటికి తీసి, బనియన్ మీదుగా శాలువా కప్పి చూడండి. వేలికి పెట్టే ఆక్సీమీటరు కూడా అంతే, చల్లటి వేలికి తక్కువ చూపిస్తుంది, అరచేతులు రుద్ది పెట్టండి.

ఇంకొకటి. పైన ఎవరైనా డోసు పెంచితే రుషికేశ్ దిగాక రోజూ బీపీ చూడండి. ఎత్తు ప్రభావం పోయాక పెరిగిన డోసే మిగిలితే, మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడతారు.